గొడుగు విచ్చుకోకపోతే?

హార్స్‌లీ హిల్స్ గాలిబండ మీద నిలబడి కిందికి తొంగిచూడని మదనపల్లె మనిషి ఉండడేమో. మా పుంగనూరు వాళ్ళకీ అది కొత్త కాదు, ఏడాదికి ఒక్కసారన్నా బండ్లేసుకుని పోతాం. ఆ కొండ సముద్రమట్టం నుంచి దాదాపు 1,265 మీటర్ల ఎత్తు. మదనపల్లె ఊరే 700 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి, బండ అంచుకీ కింద అగ్గిపెట్టెల్లా కనిపించే ఇళ్ళకీ మధ్య తేడా సుమారు 550 మీటర్లు. దానికే నాకు అరికాళ్ళలో జిల్లుమంటుంది. గత డిసెంబరులో నేను ఒక చిన్న విమానం తలుపులోంచి బయటికి దూకినప్పుడు నేల 3,000 మీటర్ల కింద ఉంది. గాలిబండ మీద గాలిబండ పేర్చుకుంటూ పోతే ఐదున్నర బండలు. చిత్రం ఏంటంటే, అక్కడ అరికాళ్ళు జిల్లుమనలేదు. దానికో కారణం ఉంది, తర్వాత చెప్తాను.

క్లబ్బు వాళ్ళు నన్నడిగింది యాత్రా కథనం. రాద్దామని కూర్చుంటే దూకడం గురించి రాయడానికి రెండు పేరాలకి మించి లేదు. మొత్తం కలిపి ఆరేడు నిమిషాల పని. కానీ దూకే ముందు పది రోజులు నేను చదువుకోవాల్సి వచ్చింది చాలా ఉంది. ఆ పాఠమే ఇక్కడ రాస్తున్నా. కుప్పంలో మెకానికల్ మూడో సంవత్సరం చదివే నాకు అది మూడు సబ్జెక్టుల సిలబస్‌ని ఒకచోట కూర్చోబెట్టి చూపించింది.

విషయం ఇదీ. ఇంటర్న్‌షిప్ కోసం ఢిల్లీలో ఆరు వారాలు ఉన్నాను. హర్యానాలో నార్నౌల్ అనే ఊరి దగ్గర ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది, అక్కడ స్కైడైవింగ్ చేయిస్తారు. ఢిల్లీ నుంచి రోడ్డు మీద మూడు గంటలు. రూములో ఉన్న ముగ్గురం ఆదివారం వెళ్దామనుకున్నాం. స్టైపెండ్ డబ్బులున్నాయి, వయసు చాలు, బరువు వాళ్ళ పరిమితిలోనే ఉంది. మిగిలింది అమ్మ.

మా అమ్మ పుంగనూరులో బట్టలు కుడుతుంది. నాలుగేళ్ళ కిందట మా పెద్దమ్మ కొడుకు, నేను సొంత అన్నకన్నా ఎక్కువగా చూసుకున్న మనిషి, పలమనేరు రోడ్డులో బైకు మీద వస్తూ చనిపోయాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరు గడప దాటినా చేరాక ఫోన్ చెయ్యాలి. అలాంటి మనిషికి చెప్పకుండా దూకడం నాకు చేతకాదు. చెప్పాను. ముందు అంకెలతో మొదలుపెట్టాను. టాండెం జంప్‌లో, అంటే శిక్షకుడికి మనల్ని కట్టి దూకించే పద్ధతిలో, ప్రమాదం ఐదు లక్షల జంపులకి ఒకటి అని అమెరికా పారాచూట్ సంఘం చెప్తోందన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లక్షల్లో ఒకరంటావు. ఆ ఒకరు మనింట్లోనే పొయ్యినాడు గదా పాపా" అంది.

దీనికి ప్రాబబిలిటీ పుస్తకంలో జవాబు లేదు. నేను కూడా వెతకలేదు. కానీ అమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు, అడగడం మొదలుపెట్టింది.

"ఆ గొడుగు విచ్చుకోకపోతే?"

"ఇంకోటుంటాదిమా."

"అదీ విచ్చుకోకపోతే? నిన్ను కట్టుకోని దూకే ఆయప్పకే పైన కండ్లు తిరిగితే? అసలు అది ఏం గుడ్డ, ఏం దారంతో కుట్టింటారు? ఇవన్నీ తెలుసుకోని చెప్పు, అప్పుడు చూస్తాం."

మనం డిజైన్ పేపర్లో ఎఫ్.ఎం.ఇ.ఎ. అని చదువుతాం గుర్తుందా? ప్రతి భాగం దగ్గరా ఆగి, ఇది పాడైతే ఏమవుతుంది, దానికి అడ్డు ఏముంది అని అడుగుతూ పోయే పట్టిక. మా అమ్మ పదో తరగతి దాకే చదివింది. పట్టిక గీయకుండానే ఆ పని చేసేసింది. కాబట్టి నేను జవాబులు వెతకాల్సి వచ్చింది.

ముందు పడటం సంగతి. ఇంటర్లో బట్టీపట్టిన సూత్రం ప్రకారం, గాలే లేకపోతే 1,400 మీటర్లు పడటానికి 17 సెకన్లు చాలు. చివర్లో వేగం గంటకి 600 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కానీ గాలి ఉంది, అది ఎదురు తోస్తుంది. ఆ తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలు. పడేకొద్దీ వేగం పెరుగుతూ, ఒక దశలో ఆ తోపు మన బరువుతో సరిసమానం అవుతుంది. ఇక త్వరణం సున్నా. పొట్ట కిందికి పెట్టి, చేతులు కాళ్ళు చాచి పడే మనిషికి ఆ దశ సెకనుకి 55 మీటర్ల దగ్గర వస్తుంది, అంటే గంటకి 200 కిలోమీటర్లు. దీన్నే టెర్మినల్ వెలాసిటీ అంటాం. లెక్క వేసి చూశాను. మూడో సెకనుకి 27, ఐదో సెకనుకి 39, పదో సెకనుకి 52 మీటర్లు. పది సెకన్ల తర్వాత వేగం పెరగడానికి పెద్దగా ఏమీ మిగలదు. అదే 1,400 మీటర్లకి గాలి ఉన్నప్పుడు 29 సెకన్లు పడుతుంది. విమానం ముందుకి పోయే వేగాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అందుకని ఒక సెకను అటూ ఇటూ.

టాండెంలో చిక్కేంటంటే ఇద్దరు మనుషులు ఒకరి వీపుకి ఒకరు అతుక్కుని పడతారు. బరువు రెట్టింపు, కానీ గాలికి ఎదురయ్యే వైశాల్యం దాదాపు ఒక మనిషిదే. వేగం బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1.4 రెట్లు, గంటకి 280 కిలోమీటర్లు. ఆ వేగంలో పెద్ద పారాచూట్ విప్పితే గుడ్డా ఓర్చుకోదు, మన మెడా ఓర్చుకోదు. అందుకే దూకిన కొన్ని సెకన్లకే శిక్షకుడు డ్రోగ్ అనే చిన్న గొడుగు వెనక్కి వదులుతాడు. అది ఇద్దర్నీ ఒక మనిషి వేగానికి తెచ్చి పెడుతుంది. వీడియోల్లో చాలామంది దాన్ని చూసి పారాచూట్ సరిగ్గా విచ్చుకోలేదనుకుంటారు. అది అంతే ఉండాలి.

ఇక అమ్మ మొదటి ప్రశ్న. దీనికి నా దగ్గర మన తెలుగువాళ్ళ ఉదాహరణే ఉంది. 2024 మే 19న విజయవాడకి చెందిన పైలట్ గోపీచంద్ తోటకూర బ్లూ ఆరిజిన్ వాళ్ళ న్యూ షెపర్డ్ రాకెట్‌లో అంతరిక్షం అంచుకి వెళ్ళొచ్చారు. మనమంతా ఆ రోజు స్టేటస్‌లు పెట్టుకున్నాం. వెళ్ళడం గురించే పెట్టాం. దిగేటప్పుడు జరిగింది అంతగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ క్యాప్సూల్‌కి మూడు పెద్ద పారాచూట్లు. వాటిలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. మిగతా రెండింటి మీదే ఆరుగురూ క్షేమంగా దిగారు, ఎందుకంటే ఒకటి పోయినా దిగగలిగేలా ముందే డిజైన్ చేశారు. ఒక్కటి విచ్చుకోకపోవడం అక్కడ వార్త అయ్యింది గానీ విషాదం కాలేదు.

మన శ్రీహరికోటలోనూ ఇదే పాఠం నడుస్తోంది. గగనయాన్ క్రూ మాడ్యూల్‌కి నాలుగు రకాలవి మొత్తం 10 పారాచూట్లు. మూతని లాగి పారేసేవి రెండు, వేగం తగ్గించే డ్రోగ్‌లు రెండు, పెద్దవాటిని బయటికి లాగే పైలట్ చూట్లు మూడు, ఆ పెద్దవి మూడు. 2025 ఆగస్టు 24న ఇస్రో వాళ్ళు దాదాపు 4.8 టన్నుల నమూనా మాడ్యూల్‌ని చినూక్ హెలికాప్టర్‌కి వేలాడదీసి, సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలి పరీక్షించారు. మూడు కిలోమీటర్లు. నేను దూకిన ఎత్తే! ఇది చదివాక నా జంప్‌కి కాస్త గౌరవం వచ్చినట్టనిపించింది.

రెండో ప్రశ్న ఇంకా లోతైంది. రెండోదీ విచ్చుకోకపోతే? మనం వెంటనే గుణకారం చేస్తాం. మొదటిది వెయ్యిసార్లకి ఒకసారి విఫలమవుతుందనుకుందాం, రెండోదీ అంతే అనుకుందాం, రెండూ కలిసి పది లక్షలకి ఒకసారి. కానీ ఈ గుణకారం చెల్లేది రెండు వైఫల్యాలకీ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే. ఈ షరతు పరీక్షలో రాస్తాం, బయట మర్చిపోతాం. 1967 ఏప్రిల్ 24న సోయుజ్-1 నౌకలో తిరిగొస్తున్న వ్లదీమిర్ కొమరోవ్‌కి ఏం జరిగిందో చూడండి. డ్రోగ్ తెరుచుకుంది గానీ అది పెద్ద పారాచూట్‌ని పెట్టెలోంచి లాగలేకపోయింది. రిజర్వు పారాచూట్ వదిలితే అది పోయి ఆ డ్రోగ్‌కే చుట్టుకుంది. కొమరోవ్ చనిపోయాడు. రెండోది సొంతంగా పాడవలేదు. మొదటిది అక్కడే వేలాడుతూ ఉండబట్టి పాడైంది.

అందుకని స్కైడైవింగ్‌లో రెండో గొడుగు ఉండటం ఒక్కటే చాలదు, మొదటిదాన్ని వదిలించుకునే దారి కూడా ఉండాలి. గాలికి సగం ఉబ్బి చుట్టుకుపోతున్న పారాచూట్ వందల కిలోల బలంతో లాగుతుంటుంది. దాన్ని ఒక మనిషి ఒక చేత్తో విడిపించాలి. ఎలా? 1970ల్లో బిల్ బూత్ అనే అమెరికన్ దీనికి మూడు రింగుల ఉపాయం కనిపెట్టాడు. పెద్ద రింగులోంచి నడిమి రింగు దూర్చి మడుస్తారు. దాన్లోంచి చిన్న రింగు. ఆ చిన్నదాన్ని ఒక దారపు ఉచ్చు పట్టుకుంటుంది. ఉచ్చులోంచి ఒక సన్నటి తీగ. ఒక్కో రింగూ ఒక్కో లివరు. భుజం దగ్గర పెద్ద బరువు పడినా, లివరు మీద లివరుగా తగ్గుకుంటూ వచ్చి, చివరి ఉచ్చు మీద కొద్దిపాటి బరువే మిగులుతుంది. హ్యాండిల్ పట్టి తీగ లాగితే ఉచ్చు వదులుతుంది, రింగులన్నీ వరసగా జారిపోతాయి, పాడైన గొడుగు ఎగిరిపోతుంది. ఖాళీ అయిన ఆకాశంలోకి రిజర్వు వస్తుంది. మన కైనమాటిక్స్ ల్యాబులో నాలుగు కడ్డీల మెకానిజం కన్నా ఇది వందరెట్లు బాగుంది. ఎవరన్నా మినీ ప్రాజెక్టుగా తీసుకుంటే చూడాలని ఉంది. తాళాల రింగులతో కూడా చెయ్యొచ్చు.

మూడోది, కండ్లు తిరిగితే సంగతి. శిక్షకుడి వీపు మీదున్న సంచిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఏ.ఏ.డి. అంటారు. దానికి మనుషులతో పనిలేదు. గాలి పీడనాన్ని కొలుస్తూ ఉంటుంది. పీడనం నుంచి ఎత్తు, పీడనం మారే తీరు నుంచి వేగం లెక్కగడుతుంది. ఒక హద్దు ఎత్తుకి దిగాక కూడా పడే వేగం సెకనుకి 35 మీటర్లు దాటి ఉందంటే, ఎవరూ గొడుగు విప్పలేదని అర్థం. అప్పుడు చిన్న మందుగుండుతో ఒక కత్తిని తోసి, రిజర్వు సంచిని మూసి ఉంచిన దారాన్ని తెంపేస్తుంది. లోపల నొక్కిపెట్టిన స్ప్రింగు గొడుగు బయటికి దూకుతుంది. జర్మనీలో ఎయిర్‌టెక్ కంపెనీ 1991లో సైప్రెస్ అనే పేరుతో తెచ్చిన ఈ రకం పెట్టెలు ఎందరి ప్రాణాలో కాపాడాయి. టాండెం రకానికి ఆ హద్దు 1,900 అడుగులు, అంటే 580 మీటర్లు. ఈ అంకె చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను, అది ఇంచుమించు మన గాలిబండ ఎత్తు. ఆ ఎత్తులో గంటకి 200 కిలోమీటర్ల వేగంతో వస్తున్నవాడికి మిగిలే టైము పది సెకన్లు.

నాలుగో ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, ఎందుకంటే దానికి జవాబు మా ఊళ్ళ మధ్యే ఉంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. పలమనేరు, వి.కోట, కుప్పం వైపు మల్బరీ తోటలు మనం రోజూ బస్సులోంచి చూసేవే. రెండో ప్రపంచ యుద్ధం దాకా పారాచూట్‌కి మంచి గుడ్డ అంటే పట్టే. తేలిక, గట్టి, చిన్నగా మడతపడుతుంది, విప్పగానే సాగి విచ్చుకుంటుంది. పెళ్ళికి మా అమ్మ ఏ గుణం చూసి పట్టు కొంటుందో సైన్యాలు కూడా ఆ గుణం చూసే కొన్నాయి. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక అమెరికాకి పట్టు రావడం ఆగిపోయింది. మన పక్కనే మైసూరు సంస్థానంలో పారాచూట్ల గిరాకీ వల్ల పట్టు పరిశ్రమ ఒక్కసారిగా పెరిగింది. అమెరికా వాళ్ళు నైలాన్ వైపు మళ్ళారు. 1942లో ఆడెలైన్ గ్రే అనే అమ్మాయి నైలాన్ పారాచూట్‌తో మొదటిసారి దూకి చూపించింది. వయసు ఇరవైల్లోనే. ఆవిడ దూకేదాకా దాన్ని బొమ్మలకి కట్టి పరీక్షించారు. మొదటిసారి దూకేవాళ్ళ కథలంటే చాలామందికి పుణె అమ్మాయి శీతల్ మహాజన్ గుర్తొస్తుంది, 2004లో జీవితంలో మొట్టమొదటి జంపే ఉత్తర ధ్రువం మీద చేసింది. నాకు మాత్రం ఆ నైలాన్ గుడ్డని నమ్మి దూకిన ఆడెలైనే గుర్తొస్తుంది.

ఇప్పటి గుడ్డ కూడా నైలానే, రిప్‌స్టాప్ నేత. అంటే సన్నటి పోగుల మధ్య కొన్ని మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున లావు పోగులు నిలువుగా, అడ్డంగా వేస్తారు. ఫోటో జూమ్ చేసి పంపితే అమ్మ చూసి, "గళ్ళ గుడ్డ. చినిగినా గడి దాటదు" అంది. రెండు పదాల్లో ఫ్రాక్చర్ మెకానిక్స్! పగులు కొన దగ్గర గట్టి అడ్డు ఎదురైతే పగులు ఆగిపోతుందని మనం చదివేది అదే. కుట్ల గురించి కూడా అడిగింది. ముక్కల అంచుల్ని ఒకదాన్లో ఒకటి మడిచి, జీన్సు ప్యాంటు పక్క కుట్టులాగా రెండు వరసలు వేస్తారు. తాళ్ళు కలిసే చోట దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్. దారం నైలాన్ రకమే, నూలుది కాదు. అమ్మకి బాగా నచ్చింది ఇక్కడే. గుడ్డ ఎప్పుడూ నడిమధ్యలో చినగదు, కుట్టు మొదలైన చోటే చినుగుతుందని ఆమెకి తెలుసు.

అన్నీ విని కూడా అమ్మ సరే అనలేదు. చివరగా ఒకటి అడిగింది. "ఆ రెండో గొడుగు మడిచిపెట్టి ఎన్నాళ్ళయింది?" రిజర్వు పారాచూట్‌ని లైసెన్సున్న రిగ్గరే మడవాలి, అమెరికా నిబంధన ప్రకారం వాడినా వాడకపోయినా 180 రోజులకి ఒకసారి విప్పి, చూసి, మళ్ళీ మడవాలి. తేదీ రాసిన కార్డు సంచిలోనే ఉంటుంది. "దూకే ముందు ఆ కార్డు ఫోటో తీసి పంపు" అంది.

ఆదివారం తెల్లారి నార్నౌల్ దగ్గర పొగమంచు. తొమ్మిది దాటినా విడవలేదు. అరగంట క్లాసు చెప్పారు, విమానం అంచున ఎలా కూర్చోవాలి, నడుము ముందుకి వంచి అరటిపండు ఆకారంలో ఎలా ఉండాలి, దిగేటప్పుడు కాళ్ళు ఎలా పైకి ఎత్తాలి. సంతకాల కాగితాలు. నేను మా శిక్షకుడి దగ్గరికి పోయి రిజర్వు కార్డు చూపించమన్నాను. ఆయన నవ్వాడు గానీ ఎగతాళిగా కాదు. ఇలా అడిగేవాళ్ళు తక్కువ అన్నాడు, సంచి తెరిచి చూపించాడు. మడిచి రెండు నెలలు కాలేదు. ఫోటో పంపాను. పది నిమిషాలకి అమ్మ నుంచి మెసేజి: "సరే. దిగినాక ఫోన్ చెయ్."

పదకొండింటికి మంచు విడిచింది. తలుపు తెరిచాక చలి, మోత. ఆ పైనుంచి చూస్తే నేల నేలలా లేదు, గూగుల్ మ్యాప్‌లా ఉంది. గాలిబండ మీద భయం వేసేది మన కాలి కింది బండ, దాని అంచు, దాని కింద చెట్టు, ఇంకా కింద ఇల్లు అని చూపు మెట్టు మెట్టుగా దిగడం వల్ల. విమానం నుంచి ఆ మెట్లు లేవు. లోతు కొలవడానికి కంటికి ఆసరా దొరకదు. జాతరలో జెయింట్ వీల్ దిగేటప్పుడు కడుపులో తిప్పినట్టు కూడా కాలేదు. విమానం అప్పటికే సెకనుకి నలభై మీటర్ల పైచిలుకు వేగంతో పోతోంది, బయటికి రాగానే ఆ గాలి మీద వాలినట్టే ఉంటుంది. తర్వాత అర నిమిషం ఒకటే హోరు. ఏమీ ఆలోచించలేదు. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర నిజంగా లేదు.

గొడుగు విచ్చుకున్న క్షణం గురించి మాత్రం చెప్పాలి. సెకనుకి 55 మీటర్ల వేగం ఒక్కసారిగా, మూడో వంతు సెకనులో పోతే మన మీద పడే భారం పదిహేడు రెట్లు. బతకొచ్చు గానీ మళ్ళీ దూకరు. అలా కాకుండా స్లైడర్ అనే ఒక చదరపు గుడ్డముక్క తాళ్ళన్నిటినీ కలిపి పట్టుకుని పైన ఉంటుంది. పారాచూట్ ఉబ్బాలంటే దాన్ని కిందికి తొయ్యాలి, గాలి దాన్ని పైకి తోస్తుంటుంది. ఆ పెనుగులాటలో మూడు నాలుగు సెకన్లు గడుస్తాయి, భారం రెండున్నర రెట్ల దగ్గర ఆగుతుంది. తొడల దగ్గర పట్టీలు గట్టిగా బిగిశాయి, అంతే. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆవాల చేల పసుపు, ఎక్కడో ట్రాక్టరు శబ్దం కూడా పైకి వినిపించింది. శిక్షకుడు నా చేతికి తాళ్ళిచ్చి కుడివైపు లాగమంటే ఆకాశమంతా కుడికి తిరిగింది. ఇది గుండ్రటి గొడుగు కాదు, గాలి నింపుకున్న రెక్క. దొమినా జాల్బర్ట్ 1960ల్లో కనిపెట్టిన ఆకారం. దిగే ముందు రెండు తాళ్ళూ ఒకేసారి కిందికి లాగితే రెక్క ముక్కు పైకి లేచి వేగం చచ్చిపోతుంది. పిట్ట వాలే ముందు తోక దించుతుంది చూడండి, అది. కాళ్ళు ఎత్తి కూర్చున్నట్టు దిగాం, ఎండు గడ్డి మీద రెండు మీటర్లు జారాం.

ఈ దిగడం దగ్గరే అసలు లెక్క ఉంది. మనందరి భయం గొడుగు విచ్చుకోకపోవడం గురించి. కానీ అనుభవం ఉన్న స్కైడైవర్లలో చాలామంది చనిపోయేది చక్కగా విచ్చుకున్న గొడుగు కింద, నేలకి దగ్గరగా వచ్చాక వేగంగా మలుపు తిప్పబోయి. పరికరం ఎంత భద్రంగా తయారైతే మనుషులు అంత తెగిస్తారని ఆ మూడు రింగుల బిల్ బూత్ చెప్పేవాడట. 1970ల్లో అమెరికాలో ఏటా నలభై మందికి పైగా పోయేవాళ్ళు. 2023లో సుమారు 36.5 లక్షల జంపులకి పదిమంది. అది అమెరికా లెక్క, అక్కడి తనిఖీలతో వచ్చిన లెక్క. ఎక్కడ దూకినా ఆ తనిఖీలు ఉన్నాయా లేవా అని అడిగే పని మనదే.

ప్రమాదాన్ని కొలిచేవాళ్ళు మైక్రోమార్ట్ అనే ప్రమాణం వాడతారు, చనిపోవడానికి పది లక్షలకి ఒక వంతు అవకాశం. ఐదు లక్షలకి ఒకటి అంటే టాండెం జంప్ రెండు మైక్రోమార్ట్‌లు. బ్రిటన్ లెక్కల్లో మోటార్ సైకిల్ మీద పది కిలోమీటర్లు పోతే ఒకటి. పుంగనూరు నుంచి మదనపల్లెకి ముప్పై కిలోమీటర్లకి అటూ ఇటూ, పోయిరావడానికి ఐదారు మైక్రోమార్ట్‌లు. బ్రిటన్ రోడ్డు మీద! టమాటా లారీలు, రాత్రిపూట లైటు లేని ట్రాక్టర్లు వాళ్ళ లెక్కలో ఉండవు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో యాభై వేల మందికి పైగా హెల్మెట్ లేనివాళ్ళు. మా అన్న పోయింది అంతకుముందు, ఆ రోజు అతని హెల్మెట్ ఇంట్లో బీరువా మీద ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది, అమ్మా పెద్దమ్మా ఎవర్నీ తియ్యనివ్వరు.

స్కైడైవింగ్‌కి ఎవరూ కార్డు చూడకుండా పోరు, పోనివ్వరు. బైకుకి అలాంటి కార్డు లేదు. టైరు చూడమని, చిన్‌స్ట్రాప్ బిగించమని చెప్పే శిక్షకుడు వీపుకి కట్టి ఉండడు.

ఖర్చు లేకుండా ఇందులో ఎంతో కొంత చూడాలనుకునే వాళ్ళకి హాస్టల్ ప్రయోగం ఒకటి. మేం సెకండ్ బ్లాకులో చేశాం. పలుచటి పాలిథీన్ షీటు 60 సెంటీమీటర్ల చదరం, అంచుల్లో ఎనిమిది దారాలు సమాన పొడవులో, కింద ఒక నట్టూ బోల్టూ. మూడో అంతస్తు కారిడార్ నుంచి వదిలి ఫోన్‌లో టైము చూడండి. తర్వాత అదే పారాచూట్‌కి అలాంటి బోల్టులు నాలుగు కట్టండి. వేగం బరువు వర్గమూలం అన్నది నిజమైతే టైము సగానికి దగ్గరగా రావాలి. మాకు వచ్చింది. ఆ తర్వాత అది ఎలా ఊగుతోందో గమనించండి. 1797 అక్టోబరు 22న పారిస్‌లో ఆంద్రే ఝాక్ గార్నెరాన్ బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగినప్పుడు ఇలాగే భయంకరంగా ఊగింది, లోపల చిక్కిన గాలి అంచు కింద నుంచి ఒకసారి ఇటూ ఒకసారి అటూ తప్పించుకోవడం వల్ల. తర్వాత వాళ్ళు నడినెత్తిన రంధ్రం పెట్టారు. మీరు కూడా షీటు మధ్యలో ఐదు రూపాయల బిళ్ళంత రంధ్రం కత్తిరించి మళ్ళీ వదలండి. ఊగడం తగ్గుతుంది, దిగే టైము మాత్రం పెద్దగా మారదు. కింద ఎవరూ లేకుండా ఒక మనిషిని కాపలా పెట్టండి. వార్డెన్ మేడమ్‌కి ముందే చెప్పండి, బోల్టు పడిన చప్పుడుకి ఆవిడ బయటికి రావడం ఖాయం.